చెమట పట్టిన గింజలు

పోయిన వారం కథ ఖాళీ పెట్టె దగ్గర ఆగింది. మా ఊరు శాన్ ఫెర్మిన్‌లో పన్నెండు కుటుంబాలు మూడేళ్లు ఎదురుచూసి కోసిన తొలి కోకో గింజల్ని, సోమవారం అందరి ఎదుటా చెక్కపెట్టెలో పోసి అరటాకులు కప్పారు. గురువారం తెల్లవారేసరికి అవి పెట్టెలో లేవు. మా కోకో సంఘం పెద్ద భార్య నిల్దా పెట్టిన కేకకి ఊరంతా లేచింది. దొంగలు పడ్డారని కొందరన్నారు. ఏటి అవతల దిగిన కోకా ఆకు బేరగాళ్ల పనేనని మరికొందరు ఒట్టు పెట్టారు.

దొంగలూ కాదు, బేరగాళ్లూ కాదు. ఈ ఊరి టీచరునైన నేను బడి వెనక దారిన వచ్చేసరికి, వెనకటి రోజుల్లో కోకా ఆకు ఎండబెట్టిన సిమెంటు కళ్లంలో గింజలన్నీ పల్చగా పరిచి ఉన్నాయి. వాటి మధ్య డెబ్బై రెండేళ్ల సెనోబియా, పావడా మోకాళ్లదాకా ఎత్తి దోపుకుని, ఉత్త పాదాలతో వాటిని చాళ్లు చాళ్లుగా తిరగేస్తోంది. దవడలో ఎప్పటిలాగే ఆకు ముద్ద ఉంది. ముఖంలో మాత్రం ఎవరికో ప్రాణం పోసిన వెలుగు ఉంది.

"కాపాడాను," అంది మమ్మల్ని చూసి. "ఇంకో పూట ఆగితే అంతా పాడైపోయేది."

ఆమె కొడుకు ఎర్మీలియో మా సంఘానికి పెద్ద. అతను కళ్లం అంచున నిలబడి, తల్లినీ గింజల్నీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, ఏం చేశావే?"

"చెమట పట్టిందిరా. చెయ్యి పెట్టి చూశా, కాలిపోతోంది. పైగా పులిసిన కంపు. అరవై ఏళ్లలో నా కళ్లంలో ఒక్క ఆకుకి చెమట పట్టనిచ్చానా? మీరంతా గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. నేనొక్కదాన్నే మోశాను, ఇరవై మూడు బుట్టలు."

"చెమట పట్టాలనే కదే పెట్టెలో పోసింది!"

సెనోబియా పాదం ఆగింది. కొడుక్కి మతి చలించిందేమో అన్నట్టు చూసింది.

ఆమె తప్పు ఏమిటో తెలియాలంటే మా లోయలో పుట్టి ఉండాలి. కోకా ఆకుని మేం ఉత్తినే ఆకు అంటాం. పొద్దున కోసిన ఆకుని మధ్యాహ్నంలోగా ఎండలో పరచాలి. కుప్పగా ఒక్క రాత్రి ఉన్నా లోపల వేడెక్కి నల్లబడుతుంది. దాన్నే చెమట పట్టడం అంటారు. చెమట పట్టిన ఆకుని కొనేవాడు ఉండడు. నమిలేవాడు కూడా ఊసేస్తాడు. ఏ ఇంట్లోనైనా ఆకుకి చెమట పట్టిందంటే ఆ ఇంటి ఆడదానికి పని రాదని అర్థం. నిల్దా సెనోబియా ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి నెలలో ఒక్కసారి అలా జరిగింది. పదిహేనేళ్లయినా ఆ సంగతి పండగ భోజనాల్లో వినపడుతూనే ఉంటుంది.

"నా ఆకు ఒక్క బుట్ట చెమట పడితే పదిహేనేళ్లు దెప్పావు," అంది నిల్దా నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇప్పుడు పన్నెండిళ్ల గింజలు నీ పాదాల కింద ఉన్నాయి. నేనెన్నేళ్లు దెప్పాలో చెప్పత్తా, ఇవాళ్టి నుంచే మొదలుపెడతా."

కొందరు నవ్వారు. ఎర్మీలియో నవ్వలేదు. అతను నవ్వకపోవడానికి కారణం అందరికీ తెలుసు. ఆ గురువారానికి తొమ్మిదో రోజున పట్నం నుంచి గింజ కొనే సహకార సంఘం మనిషి రాబోతున్నాడు. గింజ కోసి చూస్తాడు. లోపల గోధుమ రంగు ఉంటే కొంటాడు. ఊదా రంగు ఉంటే వచ్చిన దారినే పోతాడు. అతను అలా పోయిన మర్నాడే ఏటి అవతల బేరగాళ్లు ఉచితంగా పంచుతున్న ఆకు నారు తెచ్చుకుంటామని సగం కుటుంబాలు ముందే చెప్పేశాయి. మూడేళ్ల కిందట హెలికాప్టర్లలో దిగిన సర్కారు మనుషులు ఆకు మొక్కలు పీకేసి వెళ్లాక, ఆ మూడేళ్లూ మేం అరటికాయలు ఉడకబెట్టుకు తిన్నాం. ఇంకో మూడేళ్లు తినమని ఎవర్ని అడగగలం?

"ఇంజినీరమ్మ వస్తే ఏం చెప్పను?" అన్నాడు ఎర్మీలియో, ఎవర్నీ చూడకుండా.

"నాకు చెప్పు, వచ్చేశా," అంది వెనక నుంచి ఒక గొంతు.

మాకు కోకో పని నేర్పే ఇంజినీరమ్మ రోస్మెరీ, నడుందాకా బురద పూసుకుని ఉంది. ఒక కాలికే బూటు ఉంది. కొండచరియ విరిగి దారి మూసుకుపోతే, ట్రక్కుని అవతలే వదిలేసి నాలుగు గంటలు నడిచి వచ్చిందట. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. నేరుగా కళ్లంలోకి దిగింది. ఒక గింజ తీసి వాసన చూసింది. ఇంకొకటి తీసి గోటితో చీల్చింది. పదడుగులు నడిచి మరొకటి చీల్చింది.

"బుధవారం పొద్దున ఎవరు తిరగేశారు? మొదటి పెట్టెలోంచి రెండో పెట్టెలోకి?"

ఎర్మీలియో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీరు లేకుండా మూత తియ్యొద్దన్నారు కదండీ."

"రెండ్రోజులు తియ్యొద్దన్నా. బుధవారం వచ్చి నేనే తీయిస్తానన్నా."

"మీరు రాలేదుగా."

"నేను రాకపోతే?"

"రాకపోతే తియ్యమని చెప్పలేదుగా!"

రోస్మెరీ ఉన్న ఒక్క బూటుతో నేలని తన్నింది. తర్వాత కళ్లం మధ్యకి వెళ్లి రెండు గుప్పిళ్ల గింజలు పైకెత్తి చూపించింది. కుడి చేతిలోవి ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. ఎడమ చేతిలోవి తెల్లగా, జిగురుగా, ఇప్పుడే కాయలోంచి తీసినట్టు ఉన్నాయి.

"ఇవి పైన ఉన్నవి. ఇవి అడుగున ఉన్నవి. గాలి ఆడక అడుగుది చల్లబడి ఆగిపోయింది. ఇంకో రోజు అలాగే మూసి ఉంచితే సగం పెట్టె పోయేది." ఆమె సెనోబియా వైపు తిరిగింది. "ఈ అవ్వ బయటికి తీసింది కాబట్టి పైదీ అడుగుదీ కలిసింది. తెలియక చేసినా, చెయ్యాల్సిన పని చేసిన మనిషి ఈ ఊళ్లో ఈమె ఒక్కతే."

"విన్నావా?" అంది సెనోబియా కోడలితో. "పదిహేనేళ్లు అన్నావే, ఏదీ మొదలుపెట్టు."

ఊరంతా ఒక్కసారి గాలి పీల్చుకుంది. నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వుల్లోనే రోస్మెరీ అసలు మాట చెప్పింది.

"ఇప్పుడు ఎండెక్కకముందే అంతా మళ్లీ పెట్టెలో పొయ్యాలి."

సెనోబియా ముఖంలో వెలుగు ఆరిపోయింది. పావడా దించుకుని, మెల్లగా వంగి, గింజల మధ్యనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పోయనివ్వను."

"అమ్మా..."

"నన్నెత్తి బయట పడేసి పోసుకోండి. మంచి గింజని కుళ్లబెట్టడానికి నా చేత్తో ఎత్తివ్వను."

ఆమెను ఎత్తే మగాడు మా ఊళ్లో లేడు. ఎత్తగలిగేంత బలం అందరికీ ఉంది, ఆ ధైర్యమే ఎవరికీ లేదు. నిల్దా అత్త దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పినట్టే, అందరికీ వినపడేలా అంది. "లే అత్తా. నీ కింద గింజలకి నీ చెమటే పడుతోంది." ఈసారి ముసలామె తిరిగి కసరకుండా, చుట్టూ ఉన్న గింజల్ని ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు నాకు భయం వేసింది.

తర్వాత ఆమె మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"ఆకు పీకేశారు. ఊరుకున్నా. దాంతో చేసే మత్తు పొడి ఎక్కడెక్కడి పిల్లల్నో చంపుతోందన్నారు. నేను చూడలేదు గానీ నమ్మాను. ఆకు మానేస్తామన్న కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే వేశా. నాకు చదువు రాదు, వంట కూడా రాదు, నా కోడల్నడగండి. నాకొచ్చిందల్లా ఒక్కటే, తడి పోగొట్టడం. నాలుగూళ్ల వాళ్లు ఈ కళ్లానికొచ్చి నా చేత ఎండబెట్టించుకునేవాళ్లు. ఇప్పుడు తడే కావాలి, వేడే కావాలి, కంపే కావాలి అంటారు. అయితే నేనెందుకిక్కడ?"

ఎర్మీలియో తల దించుకున్నాడు. తల్లి నోట ఆ మాట అతను అంతకుముందు వినలేదని తెలుస్తూనే ఉంది. రోస్మెరీ ఆమెకి ఎదురుగా గింజల్లోనే చతికిలబడింది. బూటు విప్పి, అందులోని బురద కళ్లం బయటికి వంచింది.

"అవ్వా, నువ్వు చెయ్యి పెట్టినప్పుడు ఎంత వేడిగా ఉంది?"

"జ్వరమొచ్చిన పసిబిడ్డ నుదురంత."

"అంతటా అంతేనా?"

"కాదు. పైన రెండు జానలు. దాని కింద గోరువెచ్చన. అడుగున చచ్చిన చేపలాగా చల్లన. ఎడమ మూల ఇంకా చల్లన."

"ఎడమ మూల," అంది రోస్మెరీ. "వేడి కొలిచే కర్ర ఒకటుంది నా దగ్గర. కొండచరియ అవతల, ట్రక్కులో. అది కూడా మూలమూలకీ తేడా చెప్పదు. అవ్వా, ఈ గింజకి రెండు పనులు. ముందు చెమట పట్టాలి, తర్వాత ఎండాలి. చెమట పట్టకపోతే లోపల రంగు తిరగదు, వాసన పుట్టదు. ఎండకపోతే బూజు పడుతుంది. ఎప్పటిదాకా చెమట పట్టనివ్వాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడానికి నాకొక చెయ్యి కావాలి. ఇంత దూరం నడిచొచ్చాను, నా చేతులు చూడు, మంచు ముద్దలు. వీటికేం తెలుస్తుంది?"

సెనోబియా ఆ చేతులు పట్టుకుని చూసింది. నిజంగానే చల్లగా ఉన్నాయి కాబోలు, తన శాలువాలో చుట్టి రుద్దడం మొదలుపెట్టింది.

"అంటే, చెమట తరిమేదాన్ని తీసుకొచ్చి చెమటకి కాపలా పెడతావన్నమాట."

"అంతే."

"ఎన్నాళ్లు?"

"ఇంకో మూడు రోజులు."

"మూడో రోజు సాయంత్రం నేనే తీస్తా. నువ్వు ఆగమన్నా ఆగను. ఇక ఎండబెట్టడమంటావా, కళ్లంలో ఇంకొకరి కాలు పడకూడదు. నా కోడలి కాలు అసలే పడకూడదు."

"ఒప్పుకున్నా."

"నీకు పెళ్లయిందా పిల్లా?"

"లేదు అవ్వా."

"కానియ్యి. బేరం చెయ్యడం నీకు రాదు, మొగుడికి సుఖం."

ఆమె లేచి నిలబడింది. పావడా నిండా తియ్యటి జిగురు అంటుకుని గింజలు వేలాడుతున్నాయి. అవి దులుపుతుంటే మొదట నవ్వింది ఆమే.

ఆ తర్వాత గంటలో జరిగింది రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది. బుట్టలు చాలలేదు. టోపీలతో ఎత్తారు, పావడా చెరగులతో ఎత్తారు, ఒకాయన పసిబిడ్డని నేల మీద కూర్చోబెట్టి ఆ జోలెతో ఎత్తాడు. బడికి ఆ పూట సెలవివ్వలేదు. లెక్కల పాఠం కళ్లంలో చెప్పాననుకోండి. పిల్లలు ఒక గింజ పెట్టెలో వేస్తే ఇంకొకటి నోట్లో వేసుకుని, గుజ్జు చప్పరించి, అప్పుడు దాన్నీ పెట్టెలో వేశారు. రోస్మెరీ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

ఆ పెట్టెలు మూడూ చేసింది మా ఆయన ఔరేలియో. కిందటేడు వానాకాలంలో మూతలు సరిచూసి, అడుగున రంధ్రాలు వేసి, ఇక గింజలే రావాలి అన్నాడు. గింజలు వచ్చేసరికి ఆయన లేడు. ఆ రోజు అందరితో పాటు నేనూ ఆ చెక్క మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

మూడు రోజులూ సెనోబియా పెట్టె పక్కనే పీట వేసుకుంది. పూటకి నాలుగుసార్లు మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, ఊరికి వార్త చెప్పేది. "జ్వరం పెరిగింది!" అంటే అందరికీ పండగ. "ఎడమ మూల చలేస్తోంది!" అంటే ఎర్మీలియో పార పట్టుకుని పరుగెత్తేవాడు. నీళ్లకి పోయే ఆడవాళ్లు ఆగి అడిగేవాళ్లు.

"బిడ్డకి ఎట్టా ఉంది పెద్దమ్మా?"

"ఒళ్లు కాలిపోతోంది, దేవుడి దయవల్ల!"

మూడో సాయంత్రం ఆమే తీసింది. రోస్మెరీ గింజ చీల్చి చూసి తల ఊపింది. ఇక కళ్లం సెనోబియాది. మొదటి రోజు ఎండలో పల్చగా, రెండో రోజు నీడలో మందంగా, మూడో రోజు నుంచి గంటకొకసారి పాదంతో. ఎందుకలా అని అడిగితే, "పై తోలు ముందే ఎండితే లోపల తడి ఎటు పోతుంది?" అంది. రోస్మెరీ ఆ మాటని నోటుపుస్తకంలో రాసుకుంది. ఇంజినీరమ్మ తన మాట రాసుకుందని సెనోబియా ఇంటింటికీ వెళ్లి చెప్పింది.

తొమ్మిదో రోజున గింజ కొనే లియోన్సియో గారు వచ్చారు. దారి బాగయింది. పొట్టి మనిషి, పెద్ద మీసం. వెంట యాభై గుంటలున్న చెక్కపలక ఒకటి, చిన్న కత్తి ఒకటి తెచ్చుకున్నారు. బస్తాల్లో చెయ్యి పెట్టి యాభై గింజలు ఏరి, గుంటకొకటి పెట్టి, మాకందరికీ వినపడేలా చెప్పారు.

"యాభైలో పది ఊదా వచ్చేదాకా నేను ఒప్పుకుంటా. పదకొండోది వస్తే నన్ను తిట్టొద్దు, నాకూ పైవాళ్లున్నారు."

మొదటి వరస కోశారు. పదిలో ఒకటి ఊదా. రెండో వరసలో మూడు. ఎర్మీలియో చూడలేక స్తంభం వైపు తిరిగి నుదురు ఆనించాడు. నిల్దా అతనికి చెబుతోంది.

"గోధుమ. గోధుమ. ఊదా. గోధుమ. మళ్లీ ఊదా. ఊపిరి పీల్చుకో, చచ్చిపోతావు."

నాలుగో వరస అయ్యేసరికి తొమ్మిది. ఐదో వరసలో మొదటి గింజే ఊదా.

పది.

ఇంక తొమ్మిది గింజలున్నాయి. ఎవరో పసివాడు ఏడుస్తుంటే వాళ్లమ్మ పాలిచ్చి ఊరుకోబెట్టింది. కత్తి చెక్కకి టక్కుటక్కున తగులుతోంది. గోధుమ. గోధుమ. లియోన్సియో గారు ఆ వరసలో ఆరో గింజ కోసి, వెలుతురికి పట్టి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పట్టారు.

"ఇది ఏ రంగంటారు?" అని సెనోబియానే అడిగారు, ఎందుకో మరి, అక్కడ అందరికంటే ముందు నిలబడిందనేమో.

ఆమె వంగి చూసింది. "అంచు గోధుమ. మధ్యలో ఇంకా తిరుగుతోంది. అబద్ధం చెప్పను బాబూ, ఇంకొక్క పూట చెమట పట్టాల్సింది."

"అమ్మా!" అన్నాడు ఎర్మీలియో స్తంభంతో.

లియోన్సియో గారి మీసం కదిలింది. "సగం కంటే ఎక్కువ తిరిగితే నేను గోధుమ కిందే రాస్తా." మిగతా నాలుగూ టకటకా కోశారు. నాలుగూ గోధుమ. కత్తి ముడిచారు.

ఎవరు ముందు అరిచారో నాకు తెలియదు. ఎర్మీలియో స్తంభాన్ని వదిలి భార్యని ఎత్తి గిరగిర తిప్పాడు. ఆమె దించమని తిడుతూనే అతని మెడ పట్టుకుంది. లియోన్సియో గారు మాత్రం గుప్పెడు గింజలు పిడికిట్లో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, ఎండిన గింజ చిటపట వింటున్నారు.

"ఎవరు ఎండబెట్టారివి? ఇంత సమంగా తడి పోయిన గింజ ఈ ఏడాది నా చేతికి రాలేదు."

పాతికమంది ఒకేసారి సెనోబియాని ముందుకి తోశారు. ఆమె తూలి పడబోయి నిలదొక్కుకుంది. "తోస్తారేంట్రా, గింజననుకున్నారా?" అని కసిరింది. కానీ శాలువాతో ముఖం తుడుచుకునేవరకూ ఆయన వైపు తిరగలేదు.

నిల్దా పిడికెడు గింజలు పెనం మీద వేయించి, పొట్టు ఊది, బెల్లంతో రాతి మీద నూరి, మరిగే నీళ్లలో కలిపింది. మా లోయలో ఎవరూ ఆ పానీయం అంతకుముందు తాగలేదు. మొదటి గిన్నె అత్తకే ఇచ్చింది. సెనోబియా దవడలోని ముద్ద తీసి పక్కన పెట్టి, ఒక గుక్క తాగి, చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. మేమంతా ఆమె గొంతు వైపే చూస్తున్నాం.

"చేదే," అంది. "మన ఆకంత చేదు కాదు." గిన్నె చాపింది. "ఇంకొంచెం పొయ్యవే. నీకు వంట వచ్చునని ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

ఆ సంతోషం మధ్యలోనే లియోన్సియో గారు ఎర్మీలియోనీ నన్నూ పక్కకి పిలిచారు. ఆయన మంచి మనిషి. మాట దాచలేదు.

"గింజ బంగారం. కానీ మీవి ఆరు బస్తాలు. ఆరు బస్తాల కోసం ట్రక్కు ఇంత దూరం రెండోసారి రాదు. నెలకి ముప్పై కావాలి. మీ పై ఊళ్లో పాత కోకో చెట్లున్నాయటగా, ఎనిమిదేళ్ల కిందట ఎవరో నారు పంచారని? కాయలు ఉడతలు తింటున్నాయని విన్నాను. అవి కోసి మీ పెట్టెల్లో పోస్తే సరిపోతుంది. వాళ్లతో మాట్లాడండి. నేను రేపు సాయంత్రం దాకా ఉంటా."

ఎర్మీలియో కళ్లు కొండ మీదికి పోయే దారి వైపు తిరిగాయి. పై ఊరు ఇంకా ఆకే వేస్తుంది. అక్కడ అందరూ వినేది ఒక్కరి మాట, అతని అక్క దెల్ఫీనా మాట. తల్లి వేలిముద్ర వేసిన రోజున దెల్ఫీనా కిందికి దిగి వచ్చి, ఇదే కళ్లంలో నిలబడి, "ఆకు ఎండబెట్టి నన్ను పెంచావు. ఇవాళ అది పాపమైపోయిందా?" అని అడిగి వెళ్లింది. మూడేళ్లుగా ఆ దారిన ఇటు దిగలేదు. తల్లి అటు ఎక్కలేదు.

మేం మాట్లాడుకున్నది సెనోబియా వినలేదనుకున్నాను. ఆమె గిన్నె బోర్లించి, లోపలికి వెళ్లి, ఆకు ముద్ద మళ్లీ దవడలో పెట్టి, టోపీ పెట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, బూట్లు వేసుకో."

"ఇప్పుడా?"

"దెల్ఫీనా నీ దగ్గర ఐదో తరగతి దాకా చదివింది. నాకు తలుపు తియ్యకపోయినా నీకు తీస్తుంది. ఎర్మీలియో వద్దు, వాడొస్తే ఇద్దరూ అరుచుకుంటారు."

గంటన్నర ఎక్కాం. ఆమె దారంతా నేల వైపే చూస్తూ నడిచింది. ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంటోందని నాకు తెలుసు, పెదవులు కదులుతున్నాయి. పై ఊరి మొదటి ఇల్లే దెల్ఫీనాది. వెనక కోకో చెట్లు, వాటి బోదెల మీద పండిపోయిన పసుపు కాయలు. ముందు వాకిట్లో నీలం పట్టా. పట్టా నిండా ఆకు. పచ్చగా, ఒక్క ఆకు మీద ఒక్క ఆకు పడకుండా, తల్లి పరిచినట్టే పరిచింది. మూడు నెలల కోత అది. తలుపు వేసి ఉంది. లోపల రేడియో మోగుతోంది.

సెనోబియా ఆగిపోయింది. ముక్కు పైకెత్తింది. నేను చూస్తే ఆకాశం తెల్లగానే ఉంది. తర్వాత శిఖరం వెనక నుంచి నల్లటి అంచు ఒకటి కనిపించింది.

మా లోయలో ఒక కట్టుబాటు ఉంది. వాన ముందు ఎవరి కంట పడితే వాళ్లు కేక వెయ్యాలి. కళ్లం ఎవరిదైనా సరే. మాటలు లేనివాళ్లైనా సరే. ఆ కేక వేసినంత మాత్రాన మాట కలిపినట్టు కాదు, దానికి బదులు చెప్పక్కర్లేదు. కేక వినపడితే ఊళ్లో ఉన్న ప్రతి మనిషీ పరుగెత్తి ఆకు ఎత్తాలి.

కానీ మేం వచ్చిన పని వేరు. నోరు మూసుకుని పది నిమిషాలు నిలబడితే చాలు. ఆకు నల్లబడుతుంది, దెల్ఫీనాకి ఈ నెల ఆ చెట్ల మీది కాయలు తప్ప ఏమీ మిగలదు. మా మాట వానే చెప్పిపెడుతుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చినట్టే రాస్తున్నాను. సెనోబియాకి కూడా వచ్చి ఉండాలి, ఎందుకంటే ఆమె చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

మొదటి చినుకు నా మణికట్టు మీద పడింది.

ఆమె నా చెయ్యి వదిలేసింది. దవడలోని ముద్ద ఊసేసింది.

"వానా! వానొచ్చిందహో! వానా!"

ఆ గొంతు కొండకి తగిలి తిరిగి వచ్చింది. నాలుగిళ్ల అవతల తలుపులు తెరుచుకున్నాయి, పరుగులు వినపడ్డాయి. సెనోబియా అప్పటికే పట్టా మీద మోకాళ్ల మీద ఉంది. రెండు చేతులతో ఆకుని మధ్యకి లాగుతోంది. రేడియో ఆగిపోయింది. దెల్ఫీనా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టు తల్లిలాగే వెనక్కి లాగి కట్టి ఉంది. మొదట పట్టాని చూసింది, తర్వాత నన్ను చూసింది. కళ్లు తల్లి వంగిన వీపు మీద ఆగిపోయాయి.

సెనోబియా తలెత్తలేదు. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు.

"చూస్తావేంటే?" అంది. "ఆ చివర పట్టుకో!"

దెల్ఫీనా మెట్టు మీదే ఉంది. చినుకులు దగ్గరపడుతున్నాయి.